మా చెరువుకు ఆటుపోట్ల సవరణ

నల్లగొండ, పాలమూరు ప్రజలారా, ఇన్నేళ్లూ సముద్రం చూడాలంటే సూర్యలంకకో మచిలీపట్నానికో రాత్రి బస్సెక్కారు. ఇక ఆ ఖర్చు లేదు. ఊరి చెరువు లోతును ఉపగ్రహ చిత్రాలతో తేల్చేశామంటూ ఓ కన్సల్టెన్సీ వారు రంగురంగుల పటాలతో నివేదిక ఇచ్చారు. అందులో పద్ధతిని వివరించే పేజీలో ‘ఆటుపోట్ల సవరణ చేయబడింది’ అని ఉంది. ఏ ఓడరేవు ఆటుపోట్ల పట్టిక చూసి చేశారో మాత్రం రాయలేదు. పున్నమికి చెరువు పొంగుతుందని, అమావాస్యకు అలుగు దూకుతుందని తెలియక చెరువు నీళ్లు చూసుకునే మన నీరటికాళ్లు ఇన్ని తరాలు వాన కోసం మొగులు వైపు చూస్తూ కూర్చున్నారు పాపం.

అదే పేజీలో చెరువు అడుగు ఎలా ఉందో కూడా చెప్పారు: ఇసుక, పగడపు దిబ్బ, సముద్రపు గడ్డి. పగడపు దిబ్బ సున్నా శాతమట. ఆ నిజాయితీకి దండం పెట్టాల్సిందే. సముద్రపు గడ్డి మాత్రం దండిగా ఉంది. మన దగ్గర దాన్ని గుర్రపుడెక్క అంటారు. అది అడుగున మొలవదు, పైన తేలుతుంది.

ఉపగ్రహాల మీద మనకు అలక లేదు. మన దేశపు ఉపగ్రహాల సమాచారం దిగేది ఒకప్పటి పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లో. పద్ధతీ తప్పుడుది కాదు. 1978లో లిజెంగా అనే శాస్త్రవేత్త, 2003లో స్టంఫ్ బృందం ఇచ్చిన సూత్రాలు తేట సముద్రానికి పుట్టినవి. ఎండ నీళ్లలోకి దిగి, అడుగును తాకి, మళ్లీ పైకొచ్చి ఉపగ్రహం కంట పడాలి. ఎర్ర వెలుగు కొద్ది మీటర్లలోనే ఆరిపోతుంది. పచ్చ ఇంకాస్త దిగుతుంది. నీలం తేట నీళ్లలో 20, 30 మీటర్ల దాకా పోతుంది. అంటే లోతు పెరిగేకొద్దీ పచ్చ కంటే నీలమే ఎక్కువ మిగులుతుంది. ఆ రెండింటి లాగరిథమ్‌ల నిష్పత్తి కట్టి, పడవ మీద తిరిగి నిజంగా కొలిచిన లోతులతో సరిచూసి గీత గీస్తే మీటర్లు వస్తాయి. కొలిచిన వాటిలో కొన్నింటిని గీతకు వాడకుండా దాచిపెట్టి, చివర్లో వాటితో పరీక్షించాలి. లక్షద్వీప్ లగూన్లలో ఇది చక్కగా నడుస్తుంది. మన కృష్ణమ్మ హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసే చోట మాత్రం బురదనీళ్లను చూసి చేతులెత్తేస్తుంది. సముద్రంలోనే చేతులెత్తేసిన దాన్ని చాయ్ రంగు నీళ్లున్న చెరువుకు పట్టుకొచ్చారు.

పట్టుకొచ్చిన తీరు ఇంకా ఘనం. ఉపగ్రహానికి చేరే వెలుగులో పదింట తొమ్మిది వంతుల దాకా గాలి చెదరగొట్టిందే. ముందు దాన్ని తీసేయాలి. తర్వాత నీటి మీది ఎండ తళుకును తీసేయాలి. లోతైన నీళ్లలో కంటికి కనబడని పరారుణ వెలుగు వెనక్కి రాదు కాబట్టి, అక్కడ పరారుణంలో కనిపించేదంతా తళుకే అనుకుని లెక్క కడతారు. మన చెరువులో పైన నాచు తేలుతుంటుంది, నాచు పరారుణాన్ని జోరుగా తిప్పికొడుతుంది. కంప్యూటర్ దాన్ని తళుకనుకుని శుభ్రంగా తుడిచేస్తుంది. ఇంకొందరు దేశభక్తులు మన దేశపు ఉపగ్రహమైన రిసోర్స్‌శాట్ లిస్-4 కెమెరా చిత్రంతో నీలం, పచ్చల నిష్పత్తి కట్టామంటారు. ఆ కెమెరాకు పచ్చ, ఎరుపు, పరారుణం తప్ప వేరే వెలుగును పట్టే బ్యాండ్ లేదు. లేని నీలాన్ని ఎక్కడ కొన్నారో టెండరు పత్రాల్లో వెతకాలి.

యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2లో నీలం ఉంది, ఒప్పుకుందాం. పిక్సెల్, అంటే చిత్రంలో ఒక చుక్క, నేల మీద 10 మీటర్ల చదరం. రెండెకరాల కుంటకు 80 పిక్సెళ్లు వస్తాయి. గట్టుతో కలిసిపోయిన అంచు పిక్సెళ్లు తీసేస్తే 50 మిగులుతాయి. తీరజలాల కోసమని పెట్టిన బ్యాండ్‌ది 60 మీటర్ల పిక్సెల్. దాంట్లో కుంట మొత్తం రెండు చుక్కలు. ఆ రెండు చుక్కల మీద నివేదిక రెండో దశాంశం దాకా మాట్లాడుతుంది.

ఇప్పుడు ఆ పటాన్ని ఫ్లెక్సీగా కొట్టించి, దసరా తర్వాత కట్ట మీద గ్రామసభ పెట్టారనుకోండి. చెరువు నడుమ ముదురు నీలం మచ్చ, 4.83 మీటర్లు. సరిగ్గా ఆ చోటే ఓ బర్రె నిలబడి నెమరు వేస్తోంది.

‘అది ఈదుతోందా?’ అని కన్సల్టెంటు అడుగుతాడు.

‘లే సారూ, నిలబడ్డది. గాడ మోకాలు గూడ మునగది,’ అంటాడు నీరటి.

‘మేం చిత్రం తీసిన రోజు నీళ్లు ఎక్కువున్నాయేమో.’

‘ఏ నెలల దీసిండ్రు?’

‘మార్చి.’

‘మార్చిల ఇంకా తక్కువుంటయి గద సారూ.’

కన్సల్టెంటు కంగారు పడడు. ల్యాప్‌టాప్ తెరిచి ఆ బర్రెను లెక్కకు పొసగని ‘అవుట్‌లయర్’గా తీసేస్తాడు. పక్కన ఇంకో బర్రె నిలబడి ఉంది, దాన్నీ తీసేస్తాడు. మూడోది, దాని దుడ్డె, మంద మొత్తం పోయేసరికి లెక్కకూ పటానికీ పొంతన 0.97కి (పూర్తిగా కుదిరితే 1) చేరుతుంది. తహసీల్దారు చప్పట్లు కొడతాడు. ‘నా బర్రెలను తీసేసుడేంది?’ అని కట్ట కింద ఒకాయన లొల్లి పెడతాడు. ఆయన అభ్యంతరాన్ని అనుబంధంలో చేరుస్తారు. అసలు సంగతి ఏమిటంటే, ఆ బర్రె కాళ్ల కింద నల్ల ఒండ్రు, దాని మీద తీగనాచు ఉన్నాయి. రెండూ వెలుగును మింగేస్తాయి. మసకగా కనబడిందల్లా లోతేనని నమ్మే సూత్రం అక్కడ అగాధం చూసింది.

ఈ ఆట దేనికంటే పూడిక తీశామని చూపే బిల్లుకు. పూడిక చిన్న సంగతి కాదు, సాగర్ నిల్వే 408 టీఎంసీల నుంచి 312కి పడిపోయింది. కానీ ఈ మంత్రం చూడండి. వానలకు నీళ్లు ఎర్రబారిన అక్టోబరులో ‘ముందు’ చిత్రం తీసుకోండి. మట్టి కలిసిన నీళ్లలో నీలం తగ్గుతుంది, పటం లోతు తక్కువ చూపిస్తుంది. మట్టి అడుగుకు దిగి నీళ్లు తేరాక జనవరిలో ‘తర్వాత’ చిత్రం తీసుకోండి. పటంలో లోతు అర మీటరు పెరుగుతుంది. వందెకరాల చెరువైతే అర మీటరంటే రెండు లక్షల ఘనపు మీటర్ల పూడిక తీసినట్టు. ట్రాక్టరు ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల లెక్కన 67 వేల ట్రిప్పులు. ఒక్క టైరు గుర్తు పడకుండా, ఒక్క లీటరు డీజిల్ కాలకుండా! పైకి తీశామన్న మట్టి అప్పుడే హాయిగా అడుగుకు చేరుకుంది.

నవ్వు ఇక్కడితో చాలు. ఎండాకాలం మొరానికీ, ఇటుకబట్టీల మట్టికీ చెరువు శిఖంలో జేసీబీ దించి గోడ కోసినట్టు గుంత తవ్వి వదిలేస్తారు. వానకు అది నిండి చుట్టూ ఉన్న నీళ్లలో కలిసిపోతుంది. ఎనిమిది మీటర్ల వెడల్పు గుంతైతే పిక్సెల్‌లోనే మాయం. ఇరవై మీటర్లదైనా బురదనీళ్లలో వెలుగు అడుగు దాకా దిగనే దిగదు. పటంలో అక్కడ లేత పసుపు, ఒక మీటరు. ఆదివారం ఈతకు దిగిన పోరగాళ్లు అక్కడే రెండు నిలువుల లోతుకు పోతున్నారు. పంచనామాలో ‘లోతు తెలియక’ అని రాస్తారు. తెలియకపోవడమేంది? తవ్వినోడికి తెలుసు, తోలినోడికి తెలుసు, పావతి రాసిచ్చినోడికి తెలుసు. ఆ గుంతను కనిపెట్టడానికి ఆకాశం నుంచి చూడక్కర్లేదు, లారీ నంబరు రాసుకుంటే చాలు. అది రాయడానికి ఒక్కరికీ చెయ్యి రాదు గానీ, లేత పసుపు పటానికి మాత్రం జీఎస్టీతో కలిపి చెల్లింపు!

ఉపగ్రహాన్ని దానికి చేతనైన పనికి వాడితే పైసా దండగ కాదు. అది బురదనీళ్ల లోతును చూడలేకపోయినా నీళ్ల అంచును బాగా చూస్తుంది. పచ్చ, లఘుతరంగ పరారుణ బ్యాండ్లతో నీళ్లు పరుచుకున్న విస్తీర్ణం వేర్వేరు తేదీలకు తీయండి. అవే తేదీల్లో తూము దగ్గర గేజీ మట్టం నీరటితో రాయించండి. రెండు విస్తీర్ణాలను, వాటి గుణకారపు వర్గమూలాన్ని కూడి, మట్టాల తేడాలో మూడోవంతుతో గుణిస్తే ఆ రెండు మట్టాల నడుమ పట్టే నీళ్లు వస్తాయి. మే నెలలో ఎండిన భాగాన్ని లెవెల్ యంత్రంతోనో డ్రోన్‌తోనో కొలవండి. మిగిలిన మడుగుకు థర్మాకోల్ తెప్ప, గుర్తులు పెట్టిన గడ సరిపోతాయి.

ఇక ఆ రంగుల పటానికి బిల్లు పెట్టినవాళ్ల సంగతి. నీరటి ఎంచిన పది చోట్లకు కన్సల్టెంటును తెప్ప మీద తీసుకెళ్లి, పటం చూపిన లోతు అతని నోటితోనే చదివించి, గడ అతని చేతికే ఇవ్వాలి. పదిలో ఏడు అర మీటరు తేడాలోపు రాకపోతే సంతకం పెట్టొద్దు. లైఫ్ జాకెట్ మాత్రం తప్పకుండా తొడిగించండి, ముఖ్యంగా ‘ఒక మీటరు’ అని రాసిన చోటికి పోయేటప్పుడు.