బూజు గీకేసి బ్రెడ్డు తినమంటున్నారా?

ఈ వారంలో అదే మెసేజ్ నాలుగోసారి వచ్చింది. ఇవాళ పొద్దున పంపింది మా పిన్ని. బ్రెడ్డు కవరు మీద 282 అని ఉంటే అందులో పంది కొవ్వు ఉన్నట్టేనట. దానివల్ల క్యాన్సర్ వస్తుందట, విదేశాల్లో నిషేధించారట. ఆఖర్న ఓ సలహా: "బూజు పట్టే బ్రెడ్డే స్వచ్ఛమైనది. బూజు గీకేసి కాల్చుకు తినండి."

282 అంటే కాల్షియం ప్రొపియోనేట్. ప్రొపియోనిక్ ఆమ్లం సున్నంతో కలిస్తే వచ్చే లవణం. కొవ్వు ఊసే లేదు. నిషేధం మాట కూడా అబద్ధం. యూరప్‌లో ఇదే నంబరుకు ముందు 'ఇ' చేర్చి బ్రెడ్డులో వాడుతున్నారు. మన దగ్గర పరిమితి 5000 పీపీఎం, అంటే కిలోకి 5 గ్రాములు.

క్యాన్సర్ భయం పొటాషియం బ్రోమేట్ అనే వేరే రసాయనం గురించి. 2016లో ఢిల్లీలోని సీఎస్ఈ అనే పర్యావరణ పరిశోధన సంస్థ బ్రెడ్డు శాంపిళ్లలో దాన్ని బయటపెట్టింది. ఆ ఏడాదే మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దాన్ని నిషేధించింది. ఆ భయం న్యాయమైనదే. కానీ అది పిండి బాగా పొంగాలని వేసేది, 282 బూజు రాకుండా వేసేది. రెండూ ఒకటెలా అవుతాయి?

నాకు ఒళ్లు మండింది మాత్రం ఆ సలహా చూసి. పోయిన వానాకాలం పిన్ని చాకు అంచుతో ఆకుపచ్చ మచ్చ గీకేసి, పెనం మీద నెయ్యి వేసి కాల్చి, మనవడికి పెట్టబోయింది. "పైపైనే ఉంది కదరా" అంది. పైపైన ఉండదు పిన్నీ! కంటికి కనబడే మచ్చ కొంతే. మెత్తటి బ్రెడ్డులో బూజు పోగులు లోపలికి పాకిపోతాయి. కొన్ని బూజులు విషాలు వదులుతాయి, పెనం వేడికి అవి పోతాయన్న నమ్మకం లేదు. ఒక్క ముక్కకు పట్టినా ప్యాకెట్టంతా పారేయాల్సిందే. బూజును ఆపడానికి వేసిన లవణాన్ని విషమని, అసలు విషాన్ని స్వచ్ఛమని పిల్లలకు పెట్టమంటారా? ఇది రాసినవాళ్లు ఒక్క క్షణం ఆలోచించారా?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. 2002లో ఆస్ట్రేలియాలో 27 మంది పిల్లలపై ఒక అధ్యయనం చేశారు. రోజూ 282 ఉన్న బ్రెడ్డు తిన్నప్పుడు కొందరిలో చిరాకు, నిలకడ లేకపోవడం, నిద్ర సరిగా పట్టకపోవడం కనిపించాయి. చిన్న అధ్యయనమే అయినా కొట్టిపారేయను. మీ పిల్లల్లో అలా అనిపిస్తే కొన్నాళ్లు మానిపించి చూడండి. 282 లేని బ్రెడ్డు కొంటే రెండు రోజుల్లో తినేయండి, మిగిలింది ఫ్రీజర్‌లో పెట్టండి.

పిన్నికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఇంట్లో ఉన్న ప్యాకెట్టు వెలుతురులో పెట్టి చూడమన్నాను. అడుగు ముక్కకు మచ్చ ఉంది. పారేయించాను.