బండి తప్ప అన్నీ చూశాం

వరంగల్‌లో అమ్మకానికొచ్చే ప్రతి సెకండ్‌హ్యాండ్ కాంపాక్ట్ ఎస్‌యూవీ ఒక డాక్టరు సారుది. అది ఇంటికీ దవాఖానకూ తప్ప మూడో చోటికి పోలేదు. 2017 మోడల్ డీజిల్ బండి, మీటరు మీద నలభై రెండు వేలు. రోజుకు పదిహేను కిలోమీటర్లు దాటని మనిషి పెట్రోలు బండి కన్నా ఎక్కువ పెట్టి డీజిల్‌ది ఎందుకు కొన్నాడని ఎవరూ అడగరు. డాక్టర్లను ప్రశ్నలు అడిగే అలవాటు మనకు మొదటి నుంచీ లేదు.

అదే బండిలో క్లచ్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము తేలి ఉంటుంది. స్టీరింగు నున్నబడి, డ్రైవరు సీటు ఒక పక్కకు కుంగి ఉంటుంది. మీటరు కన్నా ఇవే నిజం చెబుతాయనీ, షోరూములో సర్వీసు రికార్డు తీయించి కిలోమీటర్లు సరిచూసుకోవాలనీ వాదించే అతితెలివిపరులు కొందరున్నారు. వాళ్లను కొనుగోలు కమిటీలోకి రానివ్వొద్దని నా మనవి.

కమిటీ అన్నాను కనుక దాని నిర్మాణం కూడా చెప్పాలి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు: ఇది ఆధార్ కార్డుల ప్రకారం చిన్న కుటుంబం. బండి చూడ్డానికి బయల్దేరేటప్పుడు బామ్మర్ది సాంకేతిక సలహాదారుగా, మేనమామ ధరల నిపుణుడిగా, ఊరి నుంచి దిగిన బాపు తుది న్యాయమూర్తిగా ఇందులో కలుస్తారు. బామ్మర్దికి సొంతంగా ఉన్నది స్కూటీ. అయినా టైరును బూటుతో రెండు తన్ని, బానెట్ మీద వేలితో టకటకలాడించి, “బావా, ఇంజన్ మక్కన్ ఉన్నది” అని తేల్చేస్తాడు. అప్పటికి ఇంజను స్టార్టే చేయలేదు. ఆటోనగర్ నుంచి మెకానిక్‌ను పిలుద్దామని ఎవరైనా నోరు జారితే బాపు అడ్డం పడతాడు. ఆరు లక్షల వస్తువు కొంటూ మెకానిక్‌కు వెయ్యి రూపాయలు దుబారా చేస్తారా ఎవరైనా?

అసలు పరీక్ష నంబరు దగ్గర మొదలవుతుంది. నాలుగంకెలూ కూడితే తొమ్మిది రావాలి. ఎనిమిది వస్తే ఇంజను కొత్తదైనా అశుభమే. ముందున్న అక్షరాలనూ చూడాలి. ఏపీ 36 అంటే ఉమ్మడి రాష్ట్రం నాటి ముసలి బండి, టీఎస్ 03 అంటే 2014 తర్వాతది, టీజీ అంటే 2024 మార్చి తర్వాతది. మన పద్ధతిలో కాస్త శాస్త్రం ఉన్నది ఈ ఒక్క చోటే. మీటరును వెనక్కి తిప్పినంత సులువుగా ఈ అక్షరాలను తిప్పలేరు.

మేనమామ మాత్రం ఢిల్లీ బండి వైపు మొగ్గుతాడు. అక్కడ డీజిల్ బండికి పదేళ్లు నిండితే రోడ్డెక్కే హక్కు పోతుందన్న భయంతో తొమ్మిదో ఏట చవకగా వదిలించుకునేవారు. అభ్యంతరం లేదన్న పత్రం, అదే ఎన్ఓసీ, తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, లారీ మీద తెప్పించుకున్న కిరాయి కూడా కలిపాక ఎంత మిగిలిందని మాత్రం మామను అడగొద్దు, బీపీ ఉంది.

ఈ బండ్లు ఇంత పొట్టిగా ఎందుకున్నాయని కూడా కొందరికి అనుమానం. 2006 బడ్జెట్‌లో కేంద్రం, నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు లేదా 1500 సీసీ లోపు డీజిల్ ఇంజను ఉన్న కార్లకు పన్ను తగ్గించింది. అందుకే బ్రెజా పొడవు 3995 మిల్లీమీటర్లు, వెన్యూ పొడవూ 3995. ముందు బానెట్ ఎత్తుగా, గంభీరంగా ఉండాలి కాబట్టి కోత పడింది డిక్కీకే. ఆ లెక్క కట్టినవాళ్లు ఆదివారం సాయంత్రం నర్సంపేట నుంచి హన్మకొండకు తిరిగొచ్చే బండిని చూసి ఉండరు. దాంట్లో బియ్యం బస్తా, మక్క కంకుల సంచి, తొక్కు జాడీ, కాళ్లు కట్టిన నాటుకోడి, వాటి నడుమ ఎక్కడో అత్తమ్మ.

ఇక నీళ్ల సంగతి. 2023 జూలై ఆఖరున వరంగల్‌లో హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు కాలనీలు మునిగాయి. వాకిళ్లలో నిలిపిన బండ్లు ఆవిరైపోలేదు కదా, ఎక్కడో ఒకచోట ఉండాలి. ఏ డాక్టరు సారును అడిగినా ఆ రోజు తన బండి హైదరాబాద్‌లో ఉందనే చెబుతాడు. ఇంటికీ దవాఖానకూ తప్ప పోని బండి, సరిగ్గా ఆ ఒక్క రోజు హైదరాబాద్ పోయింది!

మునిగిన బండిని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. సీటుబెల్టును చివరిదాకా బయటికి లాగి చూడాలి. సీట్లను షాంపూతో కడిగినవాడు, కార్పెట్ మార్చినవాడు కూడా ఒక్కోసారి అక్కడిదాకా పోడు. లోపల చుట్టుకుని ఉన్న భాగం మీద బురద మరక అలాగే ఉండిపోతుంది. సీటు కింది పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో ఎండిన మట్టి కూడా అంతే. కానీ వెనక సీటు బెల్టును లాగినవాడు మన దిక్కు ఎవడు? మొదటి ఓనరు లాగలేదు, రెండో ఓనరు లాగలేదు, కొనేవాడు లాగితే అమ్మేవాడు చిన్నబుచ్చుకుంటాడు. సాక్ష్యం అట్లాగే ఉండిపోతుంది. డ్యాష్‌బోర్డు మీద సెంటు సీసాలు ఎందుకు రెండున్నాయని అడగాల్సిన కమిటీ, “మంచి వాసనొస్తున్నది” అని సంతోషిస్తుంది.

అయినా ఎస్‌యూవీకి నీళ్లంటే భయమేమిటని బామ్మర్ది అంటాడు. తొలి నెక్సాన్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి పొట్టకూ నడుమ జాగా, 209 మిల్లీమీటర్లు. గట్టిగా జానెడు కూడా కాదు. ఈ తరగతి బండ్లలో దాదాపు అన్నిటికీ ఇంజను బలం ముందు రెండు చక్రాలకే అందుతుంది. మేడారం జాతరకు పోయి, జంపన్నవాగు ఇసుకలో దించి, ట్రాక్టరుతో లాగించుకున్నవాళ్లకు ఈ సంగతి తెలుసు. వాళ్లు బయటికి చెప్పుకోరు. అదే నెక్సాన్‌కు 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ప్రమాద పరీక్షలో అయిదు నక్షత్రాలు వచ్చాయి. కమిటీ దాని గురించి ఒక్క నిమిషం మాట్లాడి, సన్‌రూఫ్ ఉందా లేదా అన్నదాని మీద గంటన్నర చర్చించింది. పిల్లలకు వీటో ఉంది.

బయానా ఇచ్చేశాక మిగిలేవి రెండే పనులు. మొదటిది భద్రకాళి గుడి ముందు వాహన పూజ. నిమ్మకాయలు టైర్ల కింద నలగడంతో అది ఆ రోజే పూర్తవుతుంది. రెండోది బండిని పేరు మార్పించే ఫారం 29, ఫారం 30. ఒకే రాష్ట్రంలోనైతే అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఇన్సూరెన్సును కూడా కొన్నవాడు పద్నాలుగు రోజుల్లో తన పేరు మీదికి మార్పించుకోవాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, ఆయనతోనే పోతుంది, బండితో రాదు. సంతకాలు పెట్టిన ఆ రెండు ఫారాలూ డ్యాష్‌బోర్డు అరలో, నలిగిన టోల్ రసీదుల కింద భద్రంగా ఉంటాయి.

పేరు మారలేదు కనుక చలాన్లు మాత్రం డాక్టరు సారు ఫోనుకే పోతుంటాయి. ఆయన ఓపిక పట్టి పట్టి ఒకరోజు ఫోన్ చేస్తాడు.

“ఏమయ్యా, కాజీపేట చౌరస్తల సీటుబెల్టు లేకుండ పోయినవట. మెసేజ్ నాకొచ్చింది.”

“పరేషాన్ కాకున్రి సార్. 2023ల ఇచ్చినట్టు సర్కారు మళ్ల డిస్కౌంట్ ఇస్తది. అన్ని కలిపి ఒక్కసారే కడ్త.”