ప్రయోగం సంఖ్య 4: గెంతు

గేమ్ డిజైన్ ల్యాబ్ ఎక్స్‌టర్నల్ పరీక్షలో గేమ్ ఆడి చూడాలా అక్కర్లేదా అని ఇంకా ఎవరికైనా సందేహం ఉంటే ఇవాళ తీర్చేసుకోండి. అక్కర్లేదు. రికార్డు ఉందిగా.

ఈ ఎలక్టివ్ పెట్టిన మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలా చోట్ల తంతు ఒకటే. పక్క కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ గారు వస్తారు. ముందు టిఫిను, ఆపైన టీ. ఈలోగా 60 మంది పిల్లలు తలో కంప్యూటర్లో తమ గేమ్ తెరిచిపెట్టుకుని, ఎవరైనా వచ్చి చూస్తారేమోనని కుర్చీ అంచున కూర్చుంటారు. ఆయన రారు. రికార్డులే పదేసి చొప్పున కట్టలుగా, ల్యాబ్ అసిస్టెంట్ చేతుల మీదుగా ఆయన సన్నిధికి వెళ్తాయి.

ఆ గ్రంథాన్ని ఎన్నడూ చూడని అదృష్టవంతుల కోసం కొంచెం వివరం. కుడివైపు గీతల పేజీ, ఎడమవైపు తెల్ల పేజీ. 'ప్రయోగం సంఖ్య 4. ఎయిమ్: పాత్ర చేత గెంతు వేయించుట. కావలసిన పరికరాలు: కంప్యూటర్, కీబోర్డు, మౌస్.' ఆ కింద సీ షార్ప్ ప్రోగ్రాం, నీలి ఇంకుతో, సెమికోలన్లు సహా చేత్తో రాసింది. ఎడమవైపు అవుట్‌పుట్: స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీసిన కంప్యూటర్ తెర, అందులో గాల్లో వేలాడుతూ ఒక చతురస్రం. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి అతికిస్తామంటే కుదరదు, జిగురుకి పేజీ ఉబ్బుతుంది. ఆఖరున 'ఫలితం: పాత్ర విజయవంతంగా గెంతినది, సరిచూడడమైనది.' దాని కింద ఎర్ర సంతకం. ఎవరు సరిచూశారు, ఎంత ఎత్తు గెంతింది అని అడగడం మర్యాద కాదు. ఇండెక్సులో తేదీలు వరసగా ఉన్నాయా, బొమ్మ చుట్టూ బోర్డర్ కొట్టారా అని అడగొచ్చు. బోర్డర్ లేదని రికార్డు మొహాన కొట్టినవాళ్ళు బోలెడుమంది. గెంతు బాలేదని కొట్టిన పుణ్యాత్ముడు ఇంకా పుట్టలేదు.

సరే, ఆ గెంతు సంగతే చూద్దాం. గేములు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో గురుత్వాకర్షణ డిఫాల్టుగా 9.81 ఉంటుంది. దాన్ని అలాగే వదిలేసి పాత్రని 3 యూనిట్ల ఎత్తు ఎగరేయాలంటే తొలి వేగం 7.67 ఇవ్వాలి. పైకి పోవడానికి 0.78 సెకను, దిగడానికి మళ్ళీ అంతే. ఒకటిన్నర సెకను గాల్లోనే. దాన్ని గెంతు అనరు, తిరునాళ్ళలో పిల్లాడి చెయ్యి జారిన బెలూన్ అంటారు. అందుకే తెలిసినవాళ్ళు లెక్క తిరగేస్తారు. ఎత్తు 3, పైకి చేరే సమయం 0.4 సెకను అని ముందు ఖాయం చేసుకుంటారు. ఎత్తుకి రెట్టింపుని సమయం వర్గంతో భాగిస్తే గురుత్వం 37.5 వస్తుంది, ఒట్టి సమయంతో భాగిస్తే వేగం 15 వస్తుంది. దిగేటప్పుడు గురుత్వాన్ని ఇంకో ఒకటిన్నర రెట్లు చేస్తారు. గట్టు అంచు దాటిపోయాక కూడా 0.1 సెకను దాకా గెంతనిస్తారు, లేకపోతే ఆడేవాడు 'నేను నొక్కాను, అది గెంతలేదు' అని కీబోర్డుని తిడతాడు. ఆపైన 0.4ని 0.35 చేసి, మళ్ళీ 0.38 చేసి, వేలికి నచ్చేదాకా కూర్చోవడమే. ఈ సబ్జెక్టులో చదువంటే ఇదే. నీలి ఇంకులో 0.4కీ 0.35కీ తేడా ఒక అంకె.

ఇంకో విశేషం. తాతల ఆస్తిలా సీనియర్ల నుంచి జూనియర్లకి దిగుతున్న ఆ ప్రోగ్రాంలో ఒక తప్పు కూడా దిగుతోంది. కీ నొక్కారా అని చూసే గెట్‌కీడౌన్ లైను ఫిక్స్‌డ్‌అప్‌డేట్‌లో ఉంటుంది. గెట్‌కీడౌన్ ఒక్క ఫ్రేము సేపే, అంటే తెర మీద బొమ్మ ఒక్కసారి మారే సేపే, అవునంటుంది. కదలికల లెక్కలు చేసే ఫిక్స్‌డ్‌అప్‌డేట్ నడిచేది, ఫ్రేములెన్నైనా, సెకనుకి 50 సార్లు. సెకనుకి 144 ఫ్రేములు లాగే ల్యాప్‌టాప్‌లో మూడు నొక్కుళ్ళకి దాదాపు రెండు గాలికి పోతాయి. ముక్కుతూ మూలుగుతూ 30 ఫ్రేములిచ్చే ల్యాబ్ కంప్యూటర్లో ఒకే ఫ్రేములో అది రెండుసార్లు నడిచి, పాత్ర ఒక్కోసారి పైకప్పు తన్నుకుంటుంది. కీని ప్రతి ఫ్రేముకీ ఒకసారి నడిచే అప్‌డేట్‌లో చదివి ఒక జెండా వేరియబుల్లో దాచుకుని, బలాన్ని ఫిక్స్‌డ్‌అప్‌డేట్‌లో ఇస్తే సరిపోతుంది. నాలుగు లైన్ల పని. కానీ తప్పు బయటపడాలంటే ఎవరో ఒకరు స్పేస్ బార్ నొక్కాలి కదా! అప్పటిదాకా అందరికీ 'సరిచూడడమైనది'.

ఇక పాఠం చెప్పేవాళ్ళ యోగం. ఒక మాస్టారు నేల మీద సుద్దతో పులిజూదం గీసి, 3 పులులు, 15 మేకలు, చింతగింజలతో ఆడించారనుకోండి. మేకల్ని 12కి తగ్గించి మళ్ళీ ఆడండి, ఆట ఎవరి వైపు ఒరిగిందో చెప్పండి అన్నారనుకోండి. చెరిసగం బలం లేని రెండు పక్షాల మధ్య తూకం ఎలా కుదర్చాలో అరగంటలో బుర్రకెక్కుతుంది. కానీ ఫైల్లో 'ఉపయోగించిన సాఫ్ట్‌వేర్' అని ఒక గడి ఉంది. అందులో చింతగింజలు అని రాయడానికి ఎవరికి గుండె ధైర్యం?

పరిశోధనకొస్తే, అధ్యాపకుల ప్రమోషన్లకి చూసే యూజీసీ 2018 నిబంధనల పట్టికలో ఇంజనీరింగ్ జర్నల్ పేపరుకి 8 పాయింట్లు, మన దేశపు పేటెంటుకి 7. గేమ్ తయారుచేస్తే? ఆ వరసే లేదు. ఈ రంగంలో అందరూ ముందు చదివే ఎండీఏ (మెకానిక్స్, డైనమిక్స్, ఈస్తటిక్స్) పేపరు, రాబిన్ హునికే, మార్క్ లెబ్లాంక్, రాబర్ట్ జూబెక్ కలిసి రాసింది, 2004లో కృత్రిమ మేధ పరిశోధకుల సంఘం ఏఏఏఐ వర్క్‌షాప్ ఒకదాంట్లో వచ్చింది. పైగా అది గేమ్ డెవలపర్ల సదస్సులో వాళ్ళు నడిపిన తరగతుల్లోంచి పుట్టింది. ఆ ముగ్గురూ ఇక్కడ ప్రమోషన్ ఇంటర్వ్యూకి వస్తే మొదటి ప్రశ్న 'జర్నల్ ఏదండీ?' అని. గేములు చేసి చేతులు కాలినవాళ్ళని తెచ్చుకోవడానికి 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని ఒక తలుపు తెరిచారు. 15 ఏళ్ళ అనుభవం ఉంటే డిగ్రీలు అడగరు. మంచిదే. పోస్టుల్లో 10 శాతం మించకూడదు, ఒకచోట మొత్తం నాలుగేళ్ళు దాటకూడదు. నాలుగేళ్ళంటే సరిగ్గా ఒక బీటెక్ బ్యాచ్.

ఇదంతా పోనిద్దాం. గేమ్ డిజైన్‌లో నేర్పాల్సింది అసలు ఒక్కటి: నీ గేమ్‌ని తెలియనివాడి చేతిలో పెట్టి, వెనకాల నోరు మూసుకుని నిలబడటం. చెప్పకూడదు, చూపించకూడదు, 'అక్కడ కాదు, పైన' అని గొణగకూడదు. ఎక్కడ ఆగాడు, ఎన్నిసార్లు చచ్చాడు, ఎప్పుడు ఫోను వైపు చూశాడు అని కాగితం మీద రాసుకోవాలి. ఐదుగురిని కూర్చోబెడితే ముగ్గురు ఒకే తలుపు దగ్గర ఆగుతారు. ఆ రోజు ఆ పిల్లాడికి తెలుస్తుంది, మొద్దు ఆడేవాడు కాదని, తలుపేనని. కోర్సు ఏం నేర్పిందో డిగ్రీ లక్ష్యాలతో జతకట్టే ఏ సీఓ-పీఓ పట్టికలో 1, 2, 3 వేస్తారు దీనికి? సెమిస్టరంతా రాత్రుళ్ళు మేలుకుని చేసిన గేమ్‌ని ఎదురుగా పెట్టుకుని ఒక పిల్ల మూడు గంటలు కూర్చుంటే, దాన్ని ఒక్క నిమిషం ఆడని మనిషికి దాని మీద మార్కులు వేసే హక్కు ఎవరిచ్చారు? బాగుందని చెప్పొద్దు. చెత్తగా ఉందనే చెప్పండి, ఆడి చెప్పండి. స్పేస్ బార్ నొక్కడానికి కూడా రెమ్యునరేషన్ పెంచాలా?

పరీక్ష అయిపోతుంది. వైరస్ భయంతో ల్యాబ్‌లోకి పెన్‌డ్రైవ్ రానివ్వరు కాబట్టి గేములన్నీ డెస్క్‌టాప్ మీదే ఉంటాయి. ఆ కంప్యూటర్లలో డీప్ ఫ్రీజ్ ఉంది, ఆపి మళ్ళీ ఆన్ చేస్తే కొత్తగా చేరినవన్నీ చెరిపేసే సాఫ్ట్‌వేర్. సాయంత్రం ఐదింటికి అటెండర్ మెయిన్ స్విచ్ కట్టేస్తాడు. మర్నాడు పొద్దున ఆన్ చేస్తే 60 సీ డ్రైవులూ కడిగిన పళ్ళేల్లా ఉంటాయి. రికార్డులు మాత్రం స్టోర్‌రూమ్ బీరువాలో, ఇన్‌స్పెక్షన్ దాకా భద్రం. బోర్డర్లు అన్నిటికీ ఉన్నాయి.