మైలేజ్ పోయిందంటారు సరే, లెక్క సరిగ్గా వేశారా?

ట్రక్ లిఫ్ట్ చేయించి, అంటే బండి ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయించుకున్న ప్రతివాడూ రెండో నెలకల్లా ఫోన్ చేసి ఒకటే పాట పాడతాడు. "అన్నా, మైలేజ్ ఘోరంగా పడిపోయింది, ఏం చెయ్యాలి?" ఈ పాట నేనూ పాడినవాడినే కాబట్టి అడిగినవాళ్ళని ఎగతాళి చెయ్యను. నాది మామూలు పికప్, 31 అంగుళాల టైర్లతో వచ్చింది, ఊళ్ళో కొంత హైవే మీద కొంత కలిపి గ్యాలన్‌కి 19 మైళ్ళు ఇచ్చేది. 4 అంగుళాల లిఫ్ట్, 35 అంగుళాల మడ్ టైర్లు (బురదలో నడవడానికి చేసినవి) పడ్డాక మొదటిసారి ఫుల్ ట్యాంక్ కొట్టించి లెక్క చూస్తే 13.8 వచ్చింది. పంపు దగ్గరే నిలబడి రెండోసారి, మూడోసారి భాగించాను, మళ్ళీ చేస్తే అంకె మారుతుందేమో అన్న ఆశతో. వెనక కారాయన హారన్ కొట్టాక గానీ కదల్లేదు.

భాగహారం సరిగ్గానే చేశాను. భాగించిన మైళ్ళే తప్పు.

ఈ సంగతి చాలామంది పట్టించుకోరు, అందుకే నిదానంగా చెప్తాను. బండి నిజానికి దూరాన్ని కొలవదు. చక్రాలు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టుకుని, ఒక్కో చుట్టుకి ఇంత దూరం అని ఫ్యాక్టరీలో చెప్పి పంపిన అంకెతో గుణించుకుంటుంది, అంతే. టైర్ పెద్దదైతే ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, కానీ ఆ ముక్క బండికి ఎవరూ చెప్పలేదు కదా. 31 నుంచి 35కి వెళ్తే తేడా సుమారు 13 శాతం. నిజంగా 350 మైళ్ళు నడిస్తే ఓడోమీటర్ 310 అని చూపిస్తుంది. అంటే నా 13.8ని 35తో గుణించి 31తో భాగించాలి, అప్పుడు 15.6 వస్తుంది. నేను పోగొట్టుకున్నది అయిదు మైళ్ళు కాదు, మూడున్నర కూడా కాదు. అది తక్కువని అనడం లేదు, ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగితే 632 గ్యాలన్లతో పోయేది 769 అవుతుంది, కానీ అసలు జరగని నష్టానికి కూడా నిద్ర మానుకోవడం ఎందుకు?

టైర్ మీద 35 అని రాసి ఉన్నంత మాత్రాన అది కచ్చితంగా 35 ఉండదు, బండి బరువు పడ్డాక ఇంకాస్త నొక్కుకుపోతుంది. అందుకే కాగితం మీద లెక్క కంటే హైవే పక్కనుండే మైలు బోర్డులు నమ్మకం. బోర్డు చూసి ట్రిప్ మీటర్ సున్నా చేసి సరిగ్గా 10 మైళ్ళు నడపండి, మీటర్ 8.9 దగ్గర ఆగిందంటే మీ తేడా ఎంతో తెలిసిపోయినట్టే. ఒకసారి బండి కంప్యూటర్‌లో టైర్ సైజు మార్పించాక మాత్రం మళ్ళీ ఈ గుణకారం చెయ్యకండి, కొందరు ఆ ఉత్సాహంలో లేని మైలేజ్ తెచ్చుకుని సంబరపడుతుంటారు.

ఇదే తప్పు స్పీడోమీటర్‌లోనూ ఉంటుంది, మైలేజ్‌ని నిజంగా తినేవాటిలో అదొకటి. ముల్లు 70 మీద ఉంటే బండి 79లో పోతోందన్నమాట. నేను కొన్ని వారాలపాటు "ఏంటో ఈమధ్య అందరూ మెల్లగా నడుపుతున్నారు" అనుకుంటూ అందర్నీ దాటుకుంటూ పోయాను, ఫోన్‌లో జీపీఎస్ స్పీడ్ చూసేదాకా విషయం అర్థం కాలేదు. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, 70 నుంచి 79కి వెళ్తే గాలి వెనక్కి తోసే బలం 27 శాతం ఎక్కువ. ట్రక్ ముందే గోడలాంటి ఆకారం, దాన్ని ఇంకో 4 అంగుళాలు లేపి కిందనుంచి కూడా గాలికి దారిచ్చాం, పెద్ద టైర్లు అడ్డంగా నిలబెట్టాం, ఆపైన తెలియకుండా స్పీడు పెంచాం. ఆయిల్ మార్చే లెక్క కూడా ఇలాగే జారిపోతుంది, మీటర్ 5,000 అంటే నడిచింది 5,600 దాటి ఉంటుంది.

అందరూ లిఫ్ట్‌ని తిడతారు గానీ నా దృష్టిలో పెద్ద దొంగ టైరే. పాత టైర్లు ఒక్కొక్కటీ ఎత్తి గ్యారేజ్‌లో గోడకి ఆనించాను, కొత్తదాన్ని అలాగే ఎత్తబోతే నడుము ఒప్పుకోలేదు. బాత్రూమ్ కాటా మీద పెట్టి చూస్తే ఒక్కోటి పాతదానికంటే 25 పౌండ్లు ఎక్కువ తూగింది. నాలుగిటికి 100 పౌండ్లు, ఒక మనిషిని ఎక్కించుకున్నట్టే కదా అనిపిస్తుంది, కానీ మనిషి సీట్లో కూర్చుంటాడు, ఈ బరువు చక్రం అంచున గిరగిరా తిరుగుతుంది. ప్రతి సిగ్నల్ దగ్గరా దాన్ని ముందుకి తోయడమే కాదు, తిప్పాలి కూడా, మళ్ళీ తర్వాతి సిగ్నల్ దగ్గర అదంతా బ్రేకుల్లో వేడిగా పోతుంది. మడ్ టైర్‌కి ఉండే ఆ పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలు రోడ్డుకి తగిలిన ప్రతిసారీ వంగి లేస్తుంటాయి, కాస్త దూరం నడిపి చెయ్యి పెట్టి చూడండి, ఎంత వెచ్చగా ఉంటుందో. ఆ వేడి మీ ట్యాంకులోంచి వచ్చిందే. ఎప్పుడూ బురదలోకి దిగనివాళ్ళు అదే సైజులో ఆల్ టెరైన్ టైర్లు (రోడ్డుకీ మట్టిదారికీ పనికొచ్చేవి) వేసుకుంటే చాలా వరకు నయం, చూడటానికీ బాగానే ఉంటాయి.

ఇక గేర్ల సంగతి. నా బండి యాక్సిల్ గేర్ 3.55, అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ 3.55 చుట్లు తిరగాలి. టైర్ పెరగడంతో అది 3.14 ఉన్నట్టే పనిచేస్తుంది, ఇంజన్‌కి ఊపు చాలదు. చిన్న ఎక్కుడు వచ్చినా టాప్ గేర్‌లో నిలవలేక కిందికి దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది, మళ్ళీ దిగుతుంది, పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా చిరాకు వస్తుంది. పాత తీరుకి రావాలంటే లెక్క ప్రకారం 4.01 కావాలి, దొరికేవాటిలో దగ్గరిది 4.10, ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందూ వెనకా రెండు యాక్సిళ్ళకీ మార్చాలి. ఈ పని మంచిదే, బండి మళ్ళీ బండిలా నడుస్తుంది, ట్రాన్స్‌మిషన్ బతుకుతుంది. కానీ "గేర్లు మార్పిస్తే మిగిలే పెట్రోల్‌తో ఆ ఖర్చు తిరిగొచ్చేస్తుంది" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. వచ్చే మైలేజ్ కొంచెమే. ట్రైలర్ లాగేవాళ్ళూ కొండదారుల్లో తిరిగేవాళ్ళూ చేయించుకోండి, మిగతావాళ్ళు తొందరపడకండి.

నాకు నిజంగా పనికొచ్చినవి రెండే, రెండూ చిన్న పనులే. లిఫ్ట్ వేసిన చోట అలైన్‌మెంట్ చేశామన్నారు, కాగితం కూడా ఇచ్చారు. ఒకరోజు ఖాళీగా కూర్చుని ముందు టైర్ మీద అరచెయ్యి అడ్డంగా రాస్తే బయటనుంచి లోపలికి నున్నగా జారింది, లోపలినుంచి బయటికి రాస్తే రంపంలా గీరుకుంది. చక్రాలు తిన్నగా దొర్లకుండా ఓరగా ఈడ్చుకుపోతున్నాయన్నమాట. వేరేచోట చేయించాక స్టీరింగ్ తేలికైంది. రెండోది గాలి. తలుపు దగ్గర స్టిక్కర్ మీదుండే అంకె ఫ్యాక్టరీ టైర్‌కి చెప్పింది, కొత్తదానికి అది చాలకపోవచ్చు, అలాగని టైర్ పక్కన రాసిన గరిష్ఠ అంకె దాకా కొట్టడమూ తప్పే. టైర్ కంపెనీ ఇచ్చే లోడ్ పట్టిక చూసి మీ బండి బరువుకి తగ్గట్టు పెట్టాలి. తర్వాత టైర్ మీద అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి తిన్నగా కాస్త దూరం నడపండి, మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. నాలుగు టైర్లలో గాలి ఒత్తిడి సగటున 1 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు) తగ్గితే మైలేజ్ 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెప్తుంది, చిన్నదే, కానీ నావి 10 తక్కువున్నాయి మరి.

ఈ రెండూ చేసి, జీపీఎస్ చూసుకుంటూ నిజమైన వేగం 65 దాటకుండా నడిపితే 16.5 దాకా వచ్చింది. అంతకంటే రాదు. ట్యాంకులో వేసే మాత్రలు, ఓబీడీ పోర్ట్‌లో (మెకానిక్ తన కంప్యూటర్ తగిలించే చోట) గుచ్చే లైటు డబ్బాలు లాంటివి పంపిస్తామని నా వెంట పడకండి. మైలేజ్ పెంచుతామనే పరికరాల్ని ఈపీఏ, అంటే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, వందకు పైగా పరిశీలించింది, చెప్పుకోదగ్గ లాభం ఒక్కదాంట్లోనూ కనపడలేదు.

అసలు మైలేజ్ గురించి ఇంత గోల పెట్టే మనం బ్రేకు గురించి ఎందుకు అడగమో నాకు అర్థం కాదు. పెద్ద టైర్లతో బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, బరువు పైకి వెళ్ళింది కాబట్టి మలుపుల్లో ఒరిగే భయం ఎక్కువ, హెడ్‌లైట్లు కిందికి దింపించకపోతే ఎదుటివాళ్ళ కళ్ళల్లో పడతాయి. నాకు ఎదురొచ్చేవాళ్ళు పదేపదే లైట్లు కొడుతుంటే మొదట్లో ట్రక్ నచ్చి కొడుతున్నారనుకున్నాను.

మరి అంత బాధయితే తీసేయొచ్చుగా అంటారు ఇంట్లో. న్యాయమైన ప్రశ్నే. నా ట్రక్ ఇప్పటికి రెండుసార్లు బురద చూసింది, అందులో ఒకటి పార్కింగ్ కోసం గడ్డి మైదానంలోకి వెళ్ళమంటే వెళ్ళింది. దూర ప్రయాణాలకైనా పాత 31 టైర్లు వేసుకుందామని ఒక శనివారం పొద్దున్నే జాకీ ఎక్కించి నాలుగూ మార్చాను, చెమటలు కక్కి. దూరంగా వెళ్ళి చూస్తే కొంగకి చెప్పులు తొడిగినట్టుంది. మధ్యాహ్నం లోపే మళ్ళీ 35 ఎక్కించేశాను.