విశ్వాసికి నియంత కావాలా? చేతులు మారుతున్న ఒక సందేశానికి జవాబు

కొన్ని వారాలుగా ఒకే సందేశం మిత్రుల నుంచి, ప్రార్థన గుంపుల నుంచి, చివరికి నేను గౌరవించే ఒక కాపరి నుంచి కూడా నాకు వస్తూనే ఉంది. క్రైస్తవ సంఘం చుట్టూ శత్రువులున్నారని, ఎన్నికలూ కోర్టులూ పత్రికలూ వారి చేతికి చిక్కాయని, కనుక విశ్వాసులను కాపాడడానికి ఎవరి అడ్డూ లేని బలమైన నాయకుడు కావాలని అందులో ఉంది. అతని నడవడి ఎలాంటిదైనా దేవుడు పారసీక రాజు కోరెషును వాడుకున్నట్టు అతన్ని వాడుకుంటాడట. రోమా పత్రిక 13వ అధ్యాయం ప్రకారం అతనికి లోబడడమే మన పనట. ప్రజాస్వామ్యం అసలు బైబిలులోనే లేదట. దీన్ని శంకించేవాడు విశ్వాసంలో బలహీనుడట. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే ఓపిక ఇక నాకు లేదు.

ప్రజాస్వామ్యం బైబిలులో లేదన్న మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి ఎక్కువ సమయం అక్కరలేదు. నియంతను ఎన్నుకోమన్న వచనం కూడా అందులో లేదు.

ఇక కోరెషు సంగతి. యెషయా గ్రంథం 45వ అధ్యాయం అతన్ని అభిషిక్తుడని పిలిచిన మాట నిజమే. అయితే అతను చేసిందేమిటో ఎజ్రా గ్రంథం మొదటి అధ్యాయం చెబుతుంది: చెరలో ఉన్నవారిని స్వదేశానికి వెళ్లనిచ్చాడు, దోపిడీకి గురైన మందిరపు ఉపకరణాలను తిరిగి ఇప్పించాడు. మనుషులను చెరలో వేస్తానని మాట ఇచ్చే నాయకుడికి ఆ పోలిక ఎలా అతుకుతుంది? పైగా యిర్మీయా గ్రంథంలో దేవుడు బబులోను రాజు నెబుకద్నెజరును సైతం తన సేవకుడన్నాడు. అంతమాత్రాన అతని చెరలోని యూదులు షద్రకు, మేషాకు, అబేద్నెగో అతను నిలబెట్టిన ప్రతిమకు మొక్కలేదు. దేవుడు ఒక పాలకుణ్ణి వాడుకున్నాడంటే విశ్వాసి అతని వెంట నడవాలని అర్థం కాదు.

రోమా 13 రాసిన పౌలు ఎలా బతికాడో ఈ సందేశం రాసినవారు చదివినట్టు లేదు. ఫిలిప్పీలో విచారణ లేకుండా తమను కొట్టించి, మరునాడు చడీచప్పుడు లేకుండా పంపివేయాలని చూసిన న్యాయాధిపతులే స్వయంగా వచ్చి తమను బయటికి తీసుకుపోవాలని పట్టుబట్టినవాడు ఆయన. యెరూషలేములో కొరడాదెబ్బలకు కట్టబోతుంటే రోమా పౌరసత్వాన్ని చూపి ఆపించాడు. తరువాత రోమా చక్రవర్తి అయిన కైసరు ఎదుట విచారణ కోరాడు. అధికారి చేతిని చట్టం ఎక్కడ పట్టి ఆపుతుందో ఆయనకు తెలుసు, దాన్ని వాడుకున్నాడు కూడా. అదీగాక, ప్రతి అధికారమూ దేవుని వలన కలిగినదే అయితే న్యాయమూర్తి అధికారం ఎవరి వలన కలిగింది? ఆ అధ్యాయాన్ని తమకు నచ్చిన నాయకుడికి మాత్రమే వర్తింపజేసి, అతనికి అడ్డుచెప్పే కోర్టును శత్రువుల జాబితాలో చేర్చడం వాక్యాన్ని అపహాస్యం చేయడమే. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షను సమర్థించడానికి ఇదే అధ్యాయాన్ని వాడినప్పుడు, అక్కడి క్రైస్తవ వేదాంతులు 1985లో కైరోస్ పత్రం ద్వారా ఆ వ్యాఖ్యానాన్ని సూటిగా ఖండించారు. నలభై ఏళ్ల తరువాత అదే వ్యాఖ్యానం కొత్త రంగు పూసుకుని మన ఫోన్లలోకి వచ్చింది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది, బలమైన చెయ్యి సంఘాన్ని కాపాడుతుందన్న మాట. ఇక్కడ ముందుగా ఒకటి ఒప్పుకుంటాను: ఆ భయం ప్రతిసారీ కల్పితం కాదు. స్పెయిన్ అంతర్యుద్ధంలో 6,000కు పైగా గురువులు, సన్యాసులు, సన్యాసినులు హతులయ్యారు, వారిలో ఎక్కువమంది 1936లోని మొదటి కొన్ని నెలల్లోనే. ఆ రోజుల్లో అక్కడి విశ్వాసి, తరువాత దేశానికి నియంత అయిన ఫ్రాంకో సైన్యాన్ని చూసి ఊపిరి పీల్చుకుంటే అతన్ని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. కానీ ఆ రక్షణకు సంఘం చెల్లించిన మూల్యం చూడండి. బిషప్పుల ఎంపికలో ఫ్రాంకోకు హక్కు దక్కింది. దాన్ని వదులుకోమని 1968లో పోపు ఆరవ పాల్ స్వయంగా కోరినా అతను వదలలేదు. అదే ఏడాది జమోరాలో అసమ్మతి గురువుల కోసం ప్రత్యేకంగా జైలు తెరిచారు. సంఘాన్ని కాపాడడానికి వచ్చినవాడే గురువులకు జైలు కట్టాడు.

జర్మనీ కథ ఇంకా స్పష్టం. నాస్తికుల విప్లవం వస్తుందన్న భయంతోనే అక్కడి క్రైస్తవులు ఎందరో హిట్లర్ వైపు మొగ్గారు. 1933 మార్చి 23న అతను పార్లమెంటులో చర్చిల హక్కులను గౌరవిస్తానని హామీ ఇచ్చాడు. పార్లమెంటు ప్రమేయం లేకుండానే చట్టాలు చేసే అధికారం అదే రోజు కైవసం చేసుకున్నాడు. కాథలిక్కుల పార్టీ అయిన సెంటర్ పార్టీ అందుకు ఓటు వేసింది. జూలై 5 నాటికి ఆ పార్టీయే లేదు. జూలై 20న వాటికన్‌తో ఒప్పందం కుదిరింది. నవంబరు 13న బెర్లిన్ స్పోర్ట్‌పలాస్ట్ సభలో, నాజీలకు అనుకూలమైన 'జర్మన్ క్రైస్తవుల' నాయకుడొకడు పాత నిబంధననే వదిలించుకోవాలని వేదిక మీద నుంచి పిలుపునిచ్చాడు. సంఘాన్ని కాపాడతానన్న ఉద్యమం సంఘపు గ్రంథం మీద కత్తెర పెట్టడానికి ఎనిమిది నెలలు పట్టింది! ఆ తరువాత దహావు నిర్బంధ శిబిరంలో 2,700 మందికి పైగా క్రైస్తవ బోధకులను బంధించారు. వారిలో వెయ్యిమందికి పైగా అక్కడే చనిపోయారు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

దీన్ని శంకించేవారు విశ్వాసంలో బలహీనులా? 1945 ఏప్రిల్ 9న ఫ్లాసెన్‌బర్గ్‌లో ఉరికంబమెక్కిన, హిట్లర్‌ను ఎదిరించిన పాస్టర్ డీట్రిష్ బోన్‌హోఫర్ బలహీనుడా? చంపమన్న ఆజ్ఞను పాటించవద్దని సైనికులను బతిమాలిన మరునాడే, 1980 మార్చి 24న, బలిపీఠం దగ్గర తూటాకు బలైన ఎల్ సాల్వడార్ ఆర్చ్‌బిషప్ ఆస్కార్ రొమెరో బలహీనుడా? ఈ పేర్లు తెలియకుండా ఎవరి విశ్వాసాన్నైనా తూచే అర్హత ఎవరికీ లేదు.

ఎదిరించినవారు మచ్చలేనివారని నేను అనడం లేదు. నాజీలను దీటుగా ఎదుర్కొన్న జర్మన్ పాస్టర్ మార్టిన్ నీమోలర్ మొదట్లో వారికే ఓటు వేశాడు. నాజీల జోక్యాన్ని ఎదిరిస్తూ జర్మన్ సంఘాల ప్రతినిధులు చేసిన 1934 నాటి బార్మెన్ ప్రకటన సంఘానికి ప్రభువు క్రీస్తు ఒక్కడేనని ధైర్యంగా చెప్పింది గాని, అప్పటికే వేటాడబడుతున్న యూదుల గురించి ఒక్క మాట కూడా అనలేదు. భయం ఎంత లోతుగా పనిచేస్తుందో అక్కడే కనబడుతుంది: నిటారుగా నిలబడినవారి చూపు కూడా తమ సంఘం గోడల దగ్గరే ఆగిపోయింది. మనకు వచ్చిన సందేశంలోనూ 'మనల్ని' కాపాడడం గురించే ఉంది. ఆ నాయకుడు అణగదొక్కబోయే మిగతావారి గురించి ఒక్క వాక్యమూ లేదు.

సమూయేలు మొదటి గ్రంథంలో జనం రాజును అడిగింది కూడా ఇలాగే. అమ్మోనీయుల రాజు నాహాషు దండెత్తి వస్తుంటే జడిసి, తమ ముందు నడిచి యుద్ధం చేసేవాడు కావాలన్నారు. ఆ రాజు మీ కొడుకులను రథాల ముందు పరుగెత్తిస్తాడు, మీ పొలాలు లాక్కుని తన సేవకులకు ఇస్తాడు, చివరికి మీరే అతనికి దాసులవుతారు, ఆ రోజు మొరపెట్టినా దేవుడు వినడు అని సమూయేలు ఒక్కొక్కటిగా చెప్పాడు. జనం వినలేదు. ఈ సందేశాన్ని ఇంకొకరికి పంపబోయేవారు ముందు ఆ గ్రంథం ఎనిమిదవ అధ్యాయాన్ని ఒక్కసారి పూర్తిగా చదవాలని, చదివాక కూడా పంపాలనిపిస్తే ఎందుకో నాకు చెప్పాలని కోరుతున్నాను.