అంతరిక్షం అనంతమే, కక్ష్యలు కావు

ఆ మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. పంపిన నలుగురూ చదువుకున్నవాళ్లే, అందులో ఇద్దరు ఇంజనీర్లు. పైన రాకెట్ బొమ్మ, కింద ఆరు పాయింట్లు, చివర "ప్రతి ఒక్కరికీ చేర్చండి" అన్న పిలుపు. విషయం ఇది: అంతరిక్షంలో ప్రభుత్వాల పని అయిపోయింది, ప్రైవేటు కంపెనీలు సొంత డబ్బుతో, సొంత తెలివితో అన్నీ సాధించాయి, ఇక నాసా లాంటి సంస్థల్ని మూసేసి రూల్స్ ఎత్తేస్తే మిగతాది అవే చూసుకుంటాయి. మూడుసార్లు చూసి వదిలేశాను. నాలుగోసారి ఐదో పాయింట్ దగ్గర ఆగాను. అది చదివాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. వరసగానే జవాబు రాస్తున్నాను.

మొదటిది: "సునీతా విలియమ్స్‌ను ప్రభుత్వ నౌక పైన వదిలేసి వస్తే ప్రైవేటు నౌక కాపాడింది." ఆమెను తీసుకెళ్లిన స్టార్‌లైనర్ ప్రభుత్వ నౌక కాదు, బోయింగ్‌ది. 2014లో నాసా ఒకే పనిని రెండు కంపెనీలకు అప్పగించింది. బోయింగ్‌కు 420 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కు 260 కోట్లు. ఎక్కువ తీసుకున్న ప్రైవేటు కంపెనీ నౌకలో హీలియం లీకైంది, థ్రస్టర్లు (నౌకను అటూ ఇటూ నెట్టే చిన్న ఇంజిన్లు) మొరాయించాయి. తక్కువ తీసుకున్న ప్రైవేటు కంపెనీ నౌకలో ఆమె 2025 మార్చి 18న తిరిగొచ్చింది. ఒకరు తడబడితే ఇంకొకరు ఉండాలని పదేళ్ల ముందే ఇద్దరిని పెట్టుకున్నది నాసా. 2024 సెప్టెంబరులో వెళ్లిన స్పేస్‌ఎక్స్ నౌక డ్రాగన్‌లో రెండు సీట్లు ఖాళీగా ఉంచి పంపింది కూడా ఆమె కోసం, ఆమెతో వెళ్లిన బుచ్ విల్‌మోర్ కోసమే. ఒక్క నిమిషం వెతికితే దొరికే సంగతులివి. ఇంజనీర్లు కూడా ఆ నిమిషం పెట్టకుండా నలుగురికి పంపితే ఏమనుకోవాలి?

రెండోది: "స్పేస్‌ఎక్స్ ప్రభుత్వం దగ్గర పైసా తీసుకోలేదు." ఆ కంపెనీ తొలి రాకెట్ ఫాల్కన్ 1 మొదటి మూడు ప్రయోగాలూ పోయాయి. 2008 సెప్టెంబరులో నాలుగోది కక్ష్యకు చేరేనాటికి కంపెనీ చేతిలో డబ్బు దాదాపు అయిపోయింది. ఇది మస్క్ స్వయంగా చాలాసార్లు చెప్పిన సంగతే. అదే ఏడాది డిసెంబరులో స్పేస్ స్టేషన్‌కు 12 ట్రిప్పుల సరుకు చేరవేసేందుకు నాసా 160 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. అప్పటికి ఆ సరుకు మోయాల్సిన పెద్ద రాకెట్ ఫాల్కన్ 9 ఒక్కసారి కూడా ఎగరలేదు, మొదటిసారి ఎగిరింది 2010లో. ఎగరని రాకెట్‌ను నమ్మి అంత డబ్బు రాసిచ్చే కస్టమర్ బయట మార్కెట్లో దొరకడు. కిందికి దిగేటప్పుడు డ్రాగన్‌ను వేడి నుంచి కాపాడే హీట్‌షీల్డ్‌కు మూలమైన పైకా అనే పదార్థం కూడా నాసా ఏమ్స్ కేంద్రంలో పుట్టిందే. తోకచుక్క ధూళిని మోసుకుని 2006లో భూమికి దిగిన స్టార్‌డస్ట్ గుళికను కాపాడింది ఆ పదార్థమే. దాన్ని తమ అవసరానికి తగ్గట్టు మార్చుకుని సొంతంగా తయారు చేసుకున్నది స్పేస్‌ఎక్స్ ఇంజనీర్లు. ఆ ఘనత వాళ్లదే, కాదనను. కానీ పైసా తీసుకోలేదన్నది పచ్చి అబద్ధం.

మూడోది: "దిగిన రాకెట్‌లో ఇంధనం నింపి మర్నాడే ఎగరేస్తారు, ఖర్చు వందో వంతుకు పడిపోయింది." దిగడం నిజం, మళ్లీ మళ్లీ ఎగరడం నిజం. ఒకే బూస్టర్, అంటే రాకెట్ కింది భాగం, 30 సార్లకు పైగా ఎగిరింది. ఇది లాభసాటి కాదని 2015కు ముందు వాదించిన పెద్ద పెద్ద నిపుణులు పొరబడ్డారు, అప్పట్లో నేనూ వాళ్ల పక్షమే. అయితే తిరిగొచ్చేది కింది బూస్టర్ మాత్రమే, పై స్టేజి ప్రతిసారీ పోతుంది. ఎంత తొందరగా సిద్ధం చేసినా బూస్టర్‌కు వారం పైనే పడుతోంది. ఇక ధర: 2022లో ఫాల్కన్ 9 ప్రయోగం ధరను 6.2 కోట్ల డాలర్ల నుంచి 6.7 కోట్లకు పెంచారు. కంపెనీకి ఖర్చు తగ్గడం వేరు, కొనేవాడికి ధర తగ్గడం వేరు.

నాలుగోది: "చంద్రుడి మీద దిగడం ఇప్పుడు కంపెనీలకు మంచినీళ్ల ప్రాయం." ప్రైవేటు ల్యాండర్ల చిట్టా చూడండి. 2019లో బెరెషీట్ కూలింది. 2023లో హకుటో-ఆర్ కూలింది. 2024 జనవరిలో పెరిగ్రిన్ చంద్రుడి మీద దిగే ప్రయత్నం కూడా చేయలేక వెనక్కొచ్చి మన వాతావరణంలో కాలిపోయింది. ఫిబ్రవరిలో ఒడిస్సియస్ దిగింది గానీ పక్కకు ఒరిగిపోయింది. ఎత్తు కొలిచే లేజర్లకు ఉన్న సేఫ్టీ స్విచ్‌ను ప్రయోగానికి ముందే భూమి మీద తీయాలి, ఎవరూ తీయలేదు. 2025 మార్చి 2న బ్లూ ఘోస్ట్ నిటారుగా, ముచ్చటగా దిగింది. నాలుగు రోజులకు అథీనా ఒరిగింది. జూన్‌లో రెజిలియెన్స్ కూలింది. ఏడింటిలో ఒక్కటే పూర్తిగా కుదిరింది. వీళ్లను నేను చిన్నచూపు చూడటం లేదు. తక్కువ డబ్బుతో చాలా కష్టమైన పనికి దిగారు. మంచినీళ్ల ప్రాయం అని వాళ్లలో ఒక్కరు కూడా అనరు.

ఇక ఐదోది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అంతరిక్షం అనంతం. లక్ష ఉపగ్రహాలు పెట్టినా సముద్రంలో చెంచాడు ఇసుక. పాతవి కిందపడేటప్పుడు కాలి బూడిదవుతాయి. చెత్త, ఢీకొనడం అనేవి కంపెనీలను ఆపడానికి పుట్టించిన భయాలు."

సముద్రం ఎంత పెద్దదైనా ఓడలన్నీ వచ్చేది రేవుకే. ఉపగ్రహాల్లో చాలావాటికి కావలసింది 400 నుంచి 1,200 కిలోమీటర్ల ఎత్తు మధ్య ఉన్న ఒక పల్చటి పొర. బాగా కిందికొస్తే గాలి లాగేస్తుంది. బాగా పైకి పోతే ఇంటర్నెట్ సిగ్నల్ ఆలస్యమవుతుంది, ఫొటోలో వివరం తగ్గుతుంది. కాబట్టి అందరికీ ఆ పొరే కావాలి. అందులో అందరూ ఒకే దిక్కుకు పోరు. ధ్రువాల మీదుగా పోయేవి కొన్ని, ఏటవాలుగా పోయేవి కొన్ని. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో ఒకదాని దారిని ఒకటి దాటుతూ ఉంటాయి. 2019 మొదట్లో పనిచేసే ఉపగ్రహాలు సుమారు 2,000. ఇప్పుడు 10,000 దాటాయి, సగానికి పైగా ఒకే కంపెనీవి.

పుట్టించిన భయమా? 2009 ఫిబ్రవరి 10న సైబీరియా పైన, దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తున, పనిచేస్తున్న ఇరిడియం 33 ఫోన్ ఉపగ్రహం ఎప్పుడో పని ఆగిపోయిన రష్యా ఉపగ్రహం కాస్మోస్ 2251తో ఢీకొంది. ఆ రోజు లెక్కల ప్రకారం అవి అర కిలోమీటరుకు పైగా ఎడంతో తప్పుకోవాలి. తప్పుకోలేదు. రాడార్‌కు దొరికే ముక్కలే 2,000కు పైగా లేచాయి. దొరకని చిన్న ముక్కల సంగతి ఇంకా దారుణం. 1983లో ఛాలెంజర్ షటిల్ కిటికీకి ఒక రంగు పెచ్చు తగిలింది. చేతిలో పెడితే ఉందో లేదో తెలియనంత చిన్నది. అది గాజులో గుంట పెట్టింది, ఆ గాజును మార్చాల్సి వచ్చింది. సెంటీమీటరు, అంతకు పైబడిన ముక్కలు ఇప్పుడు పది లక్షలకు పైగా తిరుగుతున్నాయని అంచనా. వాటిలో ఒక్కటి చాలు, ఉపగ్రహం పని అయిపోవడానికి.

కావాలని చేసిన పాపాలు వేరే ఉన్నాయి. 2007లో చైనా తన సొంత ఉపగ్రహం ఫెంగ్యున్-1సిని క్షిపణితో పేల్చి 3,000కు పైగా ముక్కలు చేసింది. 2021 నవంబరులో రష్యా తన పాత ఉపగ్రహం కాస్మోస్ 1408ను పేల్చినప్పుడు స్పేస్ స్టేషన్‌లో ఉన్న ఏడుగురూ తమ నౌకల్లోకి వెళ్లి తలదాచుకున్నారు. ఆ ఏడుగురిలో రష్యావాళ్లు ఇద్దరున్నారు. అమెరికా 2008లో, భారత్ 2019లో ఇదే పని చేశాయి. తక్కువ ఎత్తులో చేశాయి కాబట్టి ఆ ముక్కలు చాలావరకు త్వరగా రాలిపోయాయి. అసలు కీలకం ఎత్తే. 550 కిలోమీటర్ల దగ్గర చచ్చిన ఉపగ్రహం కొన్నేళ్లకు తనంతట తాను పడిపోతుంది. 800 దాటితే శతాబ్దాలు పడుతుంది. 1958లో పంపిన అమెరికా ఉపగ్రహం వాన్‌గార్డ్ 1 ఇప్పటికీ పైనే ఉంది.

ఇక్కడ స్పేస్‌ఎక్స్‌ను మెచ్చుకోవాలి. తమ ఇంటర్నెట్ ఉపగ్రహాల గుంపు స్టార్‌లింక్‌ను మొదట 1,100 కిలోమీటర్లకు పైన పెట్టాలనుకున్నవాళ్లు 2019లో మొదటి అంచెను 550కి దించారు. కొత్త ఉపగ్రహాలను ముందు ఇంకా కింద వదిలి, బాగున్నవాటినే పైకి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. 2022 ఫిబ్రవరిలో సౌర తుపానుకు వాతావరణం ఉబ్బి, అప్పుడే వదిలిన 49లో 38 రాలిపోయింది అందుకే. కంపెనీకి నష్టం, కక్ష్యకు మాత్రం ఒక్క ముక్క చెత్త కూడా మిగల్లేదు. మెసేజ్ రాసినవాళ్లు తమ వైపున్న ఈ ఒక్క మంచి వాదన వదిలేసి, చెత్త అనేదే లేదన్నారు. అదే కంపెనీ 2022 డిసెంబరు నుంచి 2023 మే వరకు ఆరు నెలల్లో 25,000కు పైగా సార్లు తన ఉపగ్రహాలను పక్కకు జరిపింది. ఢీకొనడం కట్టుకథ అయితే ఇన్నిసార్లు ఇంధనం ఎందుకు కాల్చినట్టు? ఆ లెక్క మనకు తెలిసింది కూడా ప్రభుత్వ నియంత్రణ సంస్థకు రిపోర్టు ఇవ్వాలన్న రూల్ వల్లే. అందరూ ఇంత జాగ్రత్త పడరు. 2024 ఆగస్టులో చైనా ఇంటర్నెట్ ఉపగ్రహాల తొలి బ్యాచ్‌ను మోసుకెళ్లిన లాంగ్ మార్చ్ 6ఎ పై స్టేజి దాదాపు 800 కిలోమీటర్ల ఎత్తున ముక్కలైంది. కనీసం 300 ముక్కలు. ఇవి కొన్నేళ్లకు పడిపోయేవి కావు.

బూడిద మాటకొస్తే, 2024 మార్చి 8న ఫ్లోరిడాలోని నేపుల్స్‌లో ఒక ఇంటి పైకప్పు చీల్చుకుని ఓ లోహపు ముక్క లోపల పడింది. పది సెంటీమీటర్ల పొడవు, ఏడు వందల గ్రాముల బరువు. స్పేస్ స్టేషన్ నుంచి 2021లో వదిలేసిన పాత బ్యాటరీల పళ్లేన్ని పట్టుకుని ఉన్న ఊతం అది. మొత్తం కాలిపోతుందని నాసా లెక్క కట్టింది. తప్పు లెక్క. అప్పుడు ఇంట్లో మనిషి ఉన్నారు, దెబ్బ తగల్లేదు. నిజంగా కాలిపోయింది కూడా మాయమైపోదు. 2023లో వచ్చిన ఒక పరిశోధనలో, అలాస్కా మీదుగా చాలా ఎత్తున ఎగిరిన విమానం పట్టిన స్ట్రాటోస్ఫియర్ ఆమ్ల కణాల్లో సుమారు పది శాతంలో రాకెట్ల, ఉపగ్రహాల లోహాలు దొరికాయి. అల్యూమినియం, రాగి, లిథియం. ఓజోన్ ఉండే పొరలో ఇవి ఏం చేస్తాయో తేల్చే పని ఇప్పుడే మొదలైంది. ఆ విమానం నాసాది, కొలిచే పరికరం ఇంకో ప్రభుత్వ సంస్థది. లాభం లేని ఈ పనికి ఏ కంపెనీ డబ్బు పెడుతుందో మెసేజ్ చెప్పదు.

ఆరోది: "నాసాను మూసేయాలి, రూల్స్ ఎత్తేయాలి." నాసా డబ్బు వృథా చేస్తుందన్న మాట వరకు నేను ఒప్పుకుంటాను. చంద్రుడి యాత్రల కోసం నాసా కట్టించిన ఎస్‌ఎల్‌ఎస్ రాకెట్, ఒరాయన్ నౌక కలిపి మొదటి నాలుగు ప్రయోగాల్లో ఒక్కోదానికి 410 కోట్ల డాలర్లవుతాయని నాసా సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే 2022లో లెక్క చెప్పారు. దాన్ని సమర్థించడం నా వల్ల కాదు. ఆ రాకెట్‌ను ఆపమని మెసేజ్ పెట్టండి, నేనే పదిమందికి పంపుతాను. కానీ రూల్స్ ఎత్తేయడం ఏ దేశానికీ కుదరదు. 1967 అంతరిక్ష ఒప్పందం ఆరో అధికరణం ప్రకారం ప్రైవేటు కంపెనీ పైన చేసే పనికి కూడా దాని ప్రభుత్వానిదే బాధ్యత. అనుమతి ఇవ్వాలి, ఆ తర్వాత కూడా కనిపెట్టుకుని ఉండాలి. నేపుల్స్ ఇంటివాళ్లు పరిహారం కోసం నాసాను అడిగారు, అడగడానికి ఒక తలుపు ఉంది కాబట్టి. రేపు ఇంకో ఇంటి మీద పడేది దివాలా తీసి మూతపడిన కంపెనీ ఉపగ్రహమైతే, ఆ ఇంటివాళ్లు ఏ తలుపు తట్టాలో ఈ మెసేజ్ పంపిన నలుగురూ నాకు చెప్పండి.