పరుపులు కొంటానని రోజూ అరిచే ట్రక్కు మైకు గారికి

గౌరవనీయులైన మైకు గారూ,

మెక్సికో సిటీ నార్వార్తేలో మూడో అంతస్తు నుంచి రాస్తున్నా. నా గోల మీకు వినపడదని తెలుసు, మాకు మాత్రం మీ గోల తప్ప ఇంకేం వినపడట్లేదు.

"సే కోంప్రాన్ కోల్చోనెస్..." అంటూ రోజుకి మూడుసార్లు దయచేస్తారు. పరుపులు, ఫ్రిజ్‌లు, స్టవ్‌లు, పాత ఇనుము, ఏదున్నా కొంటామంటారు. తాంబోరెస్ అంటే డప్పులు కూడా కొంటారనుకున్నా కొత్తలో, పరుపు కింద వేసే స్ప్రింగుల పెట్టె అని తెలియడానికి ఆర్నెల్లు పట్టింది. హైదరాబాద్‌లో పాతసామాన్ల ఆటో మైకు వింటూ బతికినోణ్ణే, కానీ మీ గొంతు వేరే లెవెల్ సార్. 2004లో ఈ వ్యాపారం చేసే ఓ తండ్రి అరిచి అరిచి గొంతు పోతోందని చిన్న కూతురి చేత చెప్పించి రికార్డు చేశాడంట, ఆ పిల్ల పెద్దదైపోయింది గానీ ఊరంతా ఇంకా అదే రికార్డు, అదే ముక్కుతో సాగదీత.

ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ మొదలెడుతుంది, "ఎవర్రా ఆ పిల్ల, అన్నం పెట్టట్లేదా, అట్లా ఏడుస్తోందేంటి?" రికార్డింగే అమ్మా అంటే నమ్మదు. పెళ్లికాని కొడుకు ఇంట్లో పిల్ల ఏడుపు వినపడితే గుంటూరులో ఎన్ని కథలు పుడతాయో మీకేం తెలుసు.

మిగతావాళ్లని నేనేమీ అనట్లేదు. చిలగడదుంపల బండి రైలింజన్ కూత వేస్తది, చెత్త బండోళ్లు గంట కొడతారు, ఎదురింటి డాబా మీద కుక్క ఎందుకు మొరుగుతుందో దానికే తెలీదు, పండగైతే తెల్లారకముందే జువ్వలు. పగలు 65, రాత్రి 62 డెసిబెల్స్ దాటొద్దని ఈ సిటీలో రూలుంది, నవ్వుకోండి.

కానీ నిన్న నువ్వు చేసింది ఏంటి? శనివారం కదా అని పాత పరుపు మూడంతస్తులు ఒక్కణ్ణే ఈడ్చుకుంటూ దింపి గేటు ముందు పన్నెండింటి నుంచి కూర్చున్నా. గ్యాస్ ట్రక్కొచ్చింది, మొక్కజొన్న పిండి ఆకుల్లో చుట్టి ఉడికించే తమాలెస్ అమ్మే సైకిలొచ్చింది, నువ్వు రాలా. కింది పోర్షన్ ఆంటీ "అహొరీతా" అంది, ఇప్పుడే వచ్చేస్తాడని, ఆ ఇప్పుడే ఎట్లాంటిదంటే మనోళ్లు స్నానానికి కూడా లేవకుండా "అమీర్‌పేట దాటేశా" అంటారు చూడు, అట్లాంటిది. ఐదింటికి వానొచ్చింది. పరుపు నానింది.

ఇవాళ పొద్దున్నే ఏడుంబావుకి మాత్రం ఠంచనుగా నా కిటికీ కిందే ఊడిపడ్డావ్. చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చా. నీ డ్రైవరు పరుపుని వేలితో నొక్కి, నీళ్లు కారడం చూసి, తల అడ్డంగా ఊపి, ఇనుమేమైనా ఉందా అనడిగి ట్రక్కెక్కాడు. ఎక్కీ ఎక్కగానే నువ్వు మళ్లీ మొదలెట్టావ్, పరుపులు కొంటామని.

సిగ్గుందా నీకసలు?

పరుపు ఇంకా మెట్ల కిందే ఉంది. అమ్మ ఇందాకే ఫోన్లో "ఇవాళ ఆ పిల్ల మాట్లాడట్లేదేంట్రా, ఒంట్లో బాలేదా" అని అడిగింది. వేరే వీధిలో ఉందని చెప్పా.

ఇట్లు,
తడిసిన పరుపు ఓనరు